మా పిల్లలకు బడిలో చోటిచ్చారు, పాఠం కూడా చెప్పండి: విశాఖ జిల్లా విద్యాధికారులకు, ఉపాధ్యాయులకు బహిరంగ లేఖ

విశాఖపట్నం జిల్లా విద్యాశాఖాధికారి గారికి, సమగ్ర శిక్ష జిల్లా అధికారులకు, మండల విద్యాశాఖాధికారులకు, జిల్లాలోని ప్రభుత్వ, మున్సిపల్, జిల్లా పరిషత్ పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు నమస్కారం.

మేం గాజువాక, మల్కాపురం, కంచరపాలెం, ఆరిలోవ, మధురవాడ ప్రాంతాల్లో ఉండే కొంతమంది తల్లిదండ్రులం. మా పిల్లలకు మేధో వైకల్యం ఉంది, అంటే వయసుకు తగ్గట్టు నేర్చుకోవడం, సొంత పనులు చేసుకోవడం వాళ్లకు కష్టం. కొందరికి డౌన్ సిండ్రోమ్. కొందరు పుట్టగానే ఏడవలేదు, మెదడుకు ఆక్సిజన్ అందలేదు. ఇంకొందరికి కారణం ఇదీ అని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. వీళ్లంతా మీ బడుల్లోనే చదువుతున్నారు. హాజరు పట్టీలో పేర్లున్నాయి, యూనిఫాం వచ్చింది, పుస్తకాల సంచి వచ్చింది, మధ్యాహ్నం భోజనం పెడుతున్నారు. అందుకు మీకు కృతజ్ఞతలు. మా అమ్మానాన్నల కాలంలో ఇలాంటి పిల్లల్ని బడి గేటు దాటనిచ్చేవారు కాదు.

గేటు దాటాక క్లాసులో ఏం జరుగుతోందో చెప్పడానికే ఈ లేఖ. ప్రతి పిల్లకీ ఏం నేర్పాలో, ఎలా నేర్పాలో రాసిన ప్రణాళిక ఒకటి కావాలని, అది క్లాసులో అమలు కావాలని ఇదివరకే అర్జీ పెట్టుకున్నాం. సంబంధిత అధికారికి పంపామని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. కొన్నాళ్లకి సమస్య పరిష్కారమైందని ఇంకో మెసేజ్ వచ్చింది. ఈ రెండింటి మధ్య ఎవరూ ఫోన్ చేయలేదు, ఎవరూ వచ్చి పిల్లల్ని చూడలేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాం.

ముందు ఈ లేఖ రాస్తున్న నా ఇంటి సంగతి చెప్తాను. మా అమ్మాయి ఏడో తరగతి. తన నోట్సు ఎవరు చూసినా మెచ్చుకుంటారు. బోర్డు మీద ఉన్నదంతా గుండ్రటి అక్షరాలతో దించుకుంటుంది. ప్రతి పేజీ కింద ఎర్ర ఇంకుతో టిక్కు ఉంటుంది. అదే పేజీలో ‘నీరు’ అన్న మాట మీద వేలు పెట్టి ఇదేంటమ్మా అని అడిగితే నా మొహం వైపు చూస్తుంది. అక్షరాల్ని బొమ్మల్లాగా గీయడం నేర్చుకుంది, చదవడం నేర్చుకోలేదు. ఒకటో తరగతి నుంచి ఏడు వరకు ఏటా పైతరగతికి పంపుతూనే ఉన్నారు. ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు. మాలో దాదాపు అందరి పిల్లల నోట్సులూ ఇలాగే ఉన్నాయి.

చట్టం గురించి మీకు మేం చెప్పక్కర్లేదు. అయినా చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పిల్లల్ని చేర్చుకుంటే సరిపోదని, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి తగిన ఏర్పాట్లు చేయాలని, ప్రతి పిల్లా ఎంతవరకు నేర్చుకుందో గమనిస్తూ ఉండాలని సెక్షన్ 16 చెబుతోంది. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు పాఠం చెప్పడంలో శిక్షణ పొందిన టీచర్లను పెట్టాలని సెక్షన్ 17 విడిగా, పేరు పెట్టి మరీ చెబుతోంది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు అని సెక్షన్ 31 చెబుతోంది. మేం అడుగుతున్న వాటిలో చాలావాటికి ఆధారం ఈ మూడు సెక్షన్లే.

ఇక అసలు విషయం. మా పిల్లలకు చదువు రాదన్న మాట మేం చాలాచోట్ల విన్నాం. వాళ్లకు వస్తుంది. ఆలస్యంగా, చిన్న చిన్న ముక్కలుగా, ఎన్నోసార్లు చేయిస్తే వస్తుంది. అలా నేర్పే పద్ధతులు ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటికి పెద్ద ఖర్చు కూడా లేదు. అవి మామూలు క్లాసులోకి రాకపోవడం వల్ల ఏం జరుగుతోందో వరసగా చెప్తాం.

1. పిల్ల ఎక్కడుందో ఎవరూ చూడటం లేదు. ఏడో తరగతి పిల్ల కాబట్టి ఏడో తరగతి పాఠం వింటోంది. తనకి ఏం వచ్చు, ఏం రాదు, ఎంత సాయం చేస్తే చేయగలదు అన్నది రాసిన కాగితం బడిలో లేదు. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం సికింద్రాబాద్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నాం, దీనికోసమే ఎఫ్‌ఏసీపీ అనే చెక్‌లిస్టు తయారుచేసింది. సొంత పనులు, నలుగురితో మెలగడం, చదువు, వృత్తి, వినోదం అని ఐదు రంగాలుగా ఉంటుంది. ఒక్కో పనికీ పిల్ల తనంతట తాను చేస్తోందా, మాటతో చెబితే చేస్తోందా, చేయి పట్టి చేయిస్తే చేస్తోందా అని నమోదు చేయాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత సెంటర్లలో, వీళ్లకు నేర్పడంలో శిక్షణ పొందిన రిసోర్స్ టీచర్లకు ఇది తెలుసు. కానీ వాళ్లు నింపిన కాగితం క్లాస్ టీచర్ టేబుల్ మీదకి రాదు. క్లాసు వేరు, భవిత సెంటర్ వేరు అయిపోయాయి. వారంలో కొన్ని గంటలు ఒకచోట ఒకలా నేర్పి, మిగతా వారమంతా ఇంకోచోట ఇంకోలా కూర్చోబెడితే మా పిల్లలకి ఏదీ నిలవదు.

2. పని మొత్తం ఒకేసారి చెప్పేస్తున్నారు. ‘పుస్తకం తీసి, ఇరవయ్యో పేజీలో బొమ్మ చూసి, కింద ప్రశ్నలకి జవాబులు రాయండి’ అంటే నాలుగు పనులు. మా పిల్లలు మొదటి పని దగ్గరే ఆగిపోతారు. అప్పటికే మాస్టారు నాలుగోదానికి వెళ్లిపోతారు. ఒక్కటి చెప్పి, లోపల పది లెక్కపెట్టుకునేంతసేపు ఆగి, అప్పుడు రెండోది చెబితే చాలామంది చేయగలరు.

దీన్నే ఇంకాస్త లోతుగా చేస్తే ఎలా ఉంటుందో ఒక రిసోర్స్ టీచర్ మాకు చూపించారు. షర్టు బొత్తాం పెట్టుకోవడం మనకి ఒక పని. ఆవిడ దాన్ని ఆరు పనులుగా రాశారు: రెండు అంచులూ దగ్గరికి తెచ్చి పట్టుకోవడం, కాజా ఎక్కడుందో చూడటం, బొత్తాన్ని నిలువుగా తిప్పడం, సగం దూర్చడం, అవతలి చేతి వేళ్లతో అందుకోవడం, లాగడం. మొదటి ఐదూ తను చేసి, ఆఖరి లాగడం ఒక్కటే పాపకి వదిలేవారు. అది వచ్చాక అందుకోవడం, లాగడం. ఆ తర్వాత సగం దూర్చడం కూడా. ఇలా వెనక నుంచి ముందుకి నేర్పితే పని పూర్తి చేసింది తనే అన్న సంతోషం పిల్లకి మొదటి రోజు నుంచే ఉంటుంది. సాయం కూడా అలాగే తగ్గించారు. మొదట చేయి పట్టుకున్నారు, తర్వాత మణికట్టు దగ్గర ముట్టుకున్నారు, తర్వాత వేలితో చూపించారు, తర్వాత ఒక్క మాట అన్నారు, ఆఖరికి పక్కన ఊరికే నిలబడ్డారు. సాయం తగ్గించడం ఇందులో అన్నిటికంటే ముఖ్యం. చేయి తీయకపోతే పిల్ల ఆ చేయి కోసమే ఎదురుచూస్తుంది. బోర్డు చూసి దించుకోవడం సరిగ్గా అలాంటి చేయే. ఏడేళ్లయినా ఎవరూ దాన్ని తీయలేదు.

బొత్తాలకి పనికొచ్చిన పద్ధతి అక్షరాలకీ పనికొస్తుంది, కూడికలకీ పనికొస్తుంది. ‘పాలు’, ‘బస్సు’, ‘ఆపు’, ‘స్త్రీలు’ లాంటి రోజూ కనబడే మాటలతో మొదలుపెట్టి చదవడం నేర్పవచ్చు. మధురవాడలో ఉండే పిల్లకి బస్సు నుదుటి మీద ‘900కె’ గుర్తుపట్టడం రావాలి, ఆ తర్వాతే వర్ణమాలలో చివరి అక్షరం దాకా.

3. నేర్పినది బడి గోడ దాటడం లేదు. డబ్బు లెక్క నేర్పేటప్పుడు పుస్తకంలో నాణేల బొమ్మలు చూపిస్తారు. మా పిల్లలు బొమ్మ చూసి చెబుతారు, కొట్టు దగ్గర చెప్పలేరు. పాత పది నోటు, చాక్లెట్ రంగు కొత్త పది నోటు, పది రూపాయల బిళ్ల, మూడూ పదే అన్నది మామూలు పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు. మా పిల్లలకి మూడుసార్లు, మూడు చోట్ల నేర్పాలి. నిజమైన డబ్బుతో నేర్పాలి. తర్వాత బడి పక్క కొట్టుకి, ఆ తర్వాత రైతు బజారుకి తీసుకెళ్లి కొనిపించాలి. అరకిలో టమాటా అడగడం, బల్ల మీద రాసిన ధర చూడటం, నోటు ఇవ్వడం, చిల్లర కోసం ఆగడం. ఇదంతా లెక్కల పీరియడే. నెలలో రెండు మూడుసార్లు ఇలా బయటికి తీసుకెళ్లడానికి ప్రధానోపాధ్యాయులకి రాతపూర్వకమైన అనుమతి లేదు. ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదన్న భయంతో తీసుకెళ్లడం మానేస్తున్నారు. వాళ్ల భయం న్యాయమైనదే. ఆ భయం తీర్చగలిగింది పై అధికారులే.

4. ఒకే పాఠంలో చిన్న లక్ష్యం పెట్టుకోవచ్చన్న ఆలోచన రావడం లేదు. మిగతా యాభైమందినీ వదిలేసి మా పిల్లలకి వేరే పాఠం చెప్పమని మేం అడగడం లేదు. మొక్కల్లో పోషణ పాఠం ఉందనుకోండి. మిగతావాళ్లు కిరణజన్య సంయోగక్రియ సమీకరణం రాస్తారు. మా అమ్మాయి అదే బెంచీ మీద వేరు, కాండం, ఆకు విడదీసి అట్ట మీద అతికిస్తుంది. ఒక కుండీని కిటికీలో, ఇంకోదాన్ని బీరువాలో పెట్టి వారం తర్వాత ఏది పచ్చగా ఉందో చూసి చెబుతుంది. ‘మొక్కకి ఎండ కావాలి, నీళ్లు కావాలి’ అన్న వాక్యం తన లక్ష్యం. పక్కన కూర్చున్న పిల్లకి అట్ట ఇచ్చి ‘నువ్వు చూపించు’ అంటే ఆ పిల్లకీ పాఠం ఇంకా గట్టిగా వస్తుంది. పిల్లలు పిల్లల దగ్గర మనకంటే త్వరగా నేర్చుకుంటారు. దీనికి మాస్టారుకి కావలసింది పాఠానికి ముందు పది నిమిషాల ఆలోచన. ఆ పది నిమిషాలు లేకుండా చేస్తున్నవి యాప్‌లు, ఫొటోలు, రిపోర్టులు అని టీచర్లే మాతో చెప్పారు. అది మాకు అర్థమైంది. అధికారులకి కూడా అర్థం కావాలి.

5. భాషల బరువు. ఇంట్లో మాట్లాడే తెలుగే సరిగ్గా కూడదీసుకోలేని పిల్ల బడిలో ఇంగ్లిష్ మీడియంలో కూర్చుంటుంది, ఆపైన హిందీ. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉన్నాయి కాబట్టి తెలుగు పేజీతో చెప్పడానికి అడ్డేమీ లేదు. అయినా చెప్పడం లేదు. రెండో భాష, మూడో భాష నుంచి మినహాయింపు ఇచ్చేలా పాఠ్యాంశాలను, పరీక్షలను మార్చాలని సెక్షన్ 17లో స్పష్టంగా ఉంది. ఆ మినహాయింపు పరీక్ష రోజున మాత్రమే గుర్తొస్తే లాభం లేదు. వారంలో ఆ పీరియడ్లన్నీ కలిపితే మా పిల్లలకి విడిగా నేర్పడానికి బోలెడంత టైమ్ దొరుకుతుంది. కొత్త పోస్టు అక్కర్లేదు, కొత్త గది అక్కర్లేదు. టైమ్ టేబుల్లో ఒక మార్పు చాలు. మేం అడుగుతున్న వాటన్నిటిలో రేపటి నుంచే చేయగలిగింది ఇదే.

6. అల్లరి అని బయటికి పంపేస్తున్నారు. మాలో ఒకరి బాబు లెక్కల పీరియడ్ రాగానే పుస్తకం విసిరేస్తాడు. మాస్టారు వరండాలో నిలబెడతారు. బాబుకి అర్థమైంది ఒక్కటే: పుస్తకం విసిరితే లెక్కలు ఉండవు. మర్నాడు ఇంకా త్వరగా విసిరాడు. ఇప్పుడు ఆ బాబుకి మొండి అన్న పేరొచ్చింది, ఇంటికి తీసుకుపొమ్మని తండ్రికి ఫోన్లు వస్తున్నాయి. ఆయన ఆటో తోలుతారు. ఫోన్ వచ్చిన రోజు ఆ పూట బేరం పోయినట్టే.

పిల్లాడు అలా చేయడానికి ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం, ఈ మూడూ ఒక వారం పాటు కాగితం మీద రాస్తే కారణం దానంతటదే బయటపడుతుంది. ఆ బాబుకి ఇరవై లెక్కల బదులు రెండు ఇచ్చి, చాలు అనిపిస్తే చూపించడానికి ఒక ఎర్ర కార్డు చేతికిచ్చి, కార్డు చూపించగానే రెండు నిమిషాలు ఆపితే విసరాల్సిన అవసరమే ఉండదు. రోజులో ఏ పని తర్వాత ఏ పని వస్తుందో బొమ్మలతో గోడ మీద అతికిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మాట సరిగ్గా రాని పిల్లలకి ఒంటితోనే చెప్పుకోవడం తెలుసు. కొట్టడం, మాటలతో చిన్నబుచ్చడం విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 ప్రకారం నిషేధం. వరండాలో రోజూ నిలబెట్టడం కూడా ఆ పిల్లాడికి అవమానమే.

7. ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. పెద్దమనిషి కాగానే మా పిల్లలు బడి మానేస్తున్నారు. ప్యాడ్ మార్చుకోవడం రాదని, బట్టలు పాడైతే ఎవరు చూస్తారని బడివాళ్లూ భయపడుతున్నారు, తల్లులూ భయపడుతున్నారు. ఇదీ నేర్పగలిగిన పనే. ఎర్ర రంగు చుక్కలు వేసిన ప్యాడ్‌తో, బొమ్మల వరసతో, బొత్తాలు నేర్పినట్టే ముందుగానే, పదేళ్ల వయసు నుంచే నేర్పాలి. దాంతో పాటు ఒంట్లో ఏ భాగం ఎవరూ ముట్టుకోకూడదో, ముట్టుకుంటే ‘వద్దు’ అని ఎలా అరవాలో, ఎవరికి చెప్పాలో పదేపదే చేయించి నేర్పాలి. మా పిల్లలు ఎవరు పిలిస్తే వాళ్లతో వెళ్లిపోతారు. చెప్పింది చేయడమే మంచితనం అని మనమే నేర్పాం. ఏ తల్లి అయినా ఈ మాట రాయడానికి చేయి వణుకుతుంది. అయినా రాయక తప్పదు, ఎందుకంటే ఏ శిక్షణ తరగతిలోనూ దీని గురించి మాట్లాడారని మేం వినలేదు.

8. ప్రోగ్రెస్ కార్డులో మా పిల్లల ప్రోగ్రెస్‌కి గడి లేదు. జూన్‌లో మరుగుదొడ్డికి వెళ్లాలని సైగ కూడా చేయని బాబు డిసెంబర్‌కి బొమ్మ కార్డు తీసి చూపించడం నేర్చుకున్నాడు. పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్లమ్మ చేతికి సున్నాలున్న కార్డు ఇచ్చారు.

9. సర్టిఫికెట్ వచ్చేదాకా ఏమీ మొదలుపెట్టడం లేదు. వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం పరీక్షకి స్లాట్ దొరకాలి, డాక్టరు చూడాలి, శాతం రావాలి. పింఛనుకి, రాయితీలకి అది అవసరమే. చిన్న చిన్న మెట్లుగా నేర్పడానికి శాతం అక్కర్లేదు. 35 శాతం వచ్చిన పిల్లకీ అదే పద్ధతి కావాలి. టీచర్లే గమనించి నమోదు చేయడానికి ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రశస్త్ అనే యాప్ తెచ్చింది. అనుమానం రాగానే పని మొదలుపెట్టవచ్చు.

10. ఇంటి మీద పడే భారం. ఇది లెక్కల్లోకి రాదు కాబట్టి రాస్తున్నాం. బడిలో తిండి తినడం, మరుగుదొడ్డి వాడటం, చెప్పింది విని కూర్చోవడం నేర్పకపోతే తల్లి బడి దగ్గరే కాపలా ఉండాలి, లేదా పిల్లని ఇంట్లో పెట్టుకుని తనూ ఇంట్లో ఉండాలి. మాలో ఒకావిడ ఫిషింగ్ హార్బర్‌లో చేపల బేరం మానుకుంది. ఇంకొకావిడ బట్టల కంపెనీలో షిఫ్టు వదిలేసింది. అన్నయ్యలు, అక్కలు కాలేజీ మానేసి తమ్ముడిని చూసుకుంటున్న ఇళ్లున్నాయి. దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలు చేశారు. చాలా ఇళ్లలో అది పెద్ద ఆసరా, కాదనలేం. కానీ తన బొత్తాలు తను పెట్టుకుని, బస్సెక్కి, కొట్టులో కవర్లు సర్ది నాలుగు డబ్బులు తెచ్చుకోగల మనిషిగా పెరిగితే ఆ పిల్లకి దొరికేది వేరు. 18 ఏళ్లు నిండగానే బడి తలుపు మూసుకుంటుంది. అప్పటికి ఏమీ రాకపోతే మిగతా బతుకంతా నాలుగు గోడల మధ్యే. మేం పోయాక వీళ్లనెవరు చూస్తారన్న ప్రశ్న మాలో ప్రతి ఇంట్లో రాత్రిపూట వస్తుంది.

టీచర్లు ఎక్కడున్నారు అని మీరు అడగవచ్చు. సుప్రీంకోర్టు 2021 అక్టోబర్ 28న ఇచ్చిన తీర్పులో ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాల పిల్లలు 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్ ఉండాలని చెప్పింది. 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులు మంజూరు చేసింది, చిన్న తరగతులకి చెప్పే ఎస్జీటీలు 1,136, పైతరగతులకి చెప్పే స్కూల్ అసిస్టెంట్లు 1,124. మంచి అడుగు. రాష్ట్రంలో ఉన్న సుమారు 680 మండలాలకి పంచితే మండలానికి మూడు, నాలుగు పోస్టులు. అంటే స్పెషల్ టీచర్ ఒక్కరే మా పిల్లలందరికీ రోజంతా చెప్పే పరిస్థితి దగ్గర్లో లేదు. మామూలు క్లాస్ టీచర్ చేతిలోనే మా పిల్లలు పెరగాలి. కాబట్టి ఈ పద్ధతులు ప్రతి టీచర్‌కీ తెలియాలి. శిక్షణ అంటే సెల్‌ఫోన్‌లో వీడియో నడిపి సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకోవడం కాదు. ఒక పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక పనిని మెట్లుగా రాసి, నేర్పి, రెండు వారాల తర్వాత ఎక్కడికి వచ్చిందో చూపించడం. మన జిల్లాలోనే భీమిలిలో కాబోయే టీచర్లకు శిక్షణ ఇచ్చే డైట్ ఉంది. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ సమావేశాలు నెలనెలా జరుగుతున్నాయి. కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు.

మేం అడుగుతున్నవి ఇవి:

1. మేధో వైకల్యం ఉన్న, లేదా ఉందని అనుమానం ఉన్న ప్రతి పిల్లకీ వచ్చే విద్యా సంవత్సరం జూన్ నెలాఖరులోగా వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయాలి. రాసేటప్పుడు క్లాస్ టీచర్, రిసోర్స్ టీచర్, తల్లి లేదా తండ్రి ముగ్గురూ ఒకేచోట కూర్చోవాలి. మూడు నెలల్లో సాధించగల లక్ష్యాలు నాలుగైదు చాలు, యాభై వద్దు. తెలుగులో రాసిన ఒక కాపీ మాకివ్వాలి. ఇంట్లో మేం కూడా అదే నేర్పుతాం.

2. రెండో, మూడో భాష పీరియడ్లలో ఈ పిల్లలకి విడిగా నేర్పేలా టైమ్ టేబుల్ మార్చుకోవచ్చని ప్రధానోపాధ్యాయులకి సర్క్యులర్ ఇవ్వాలి. ఏ తల్లిదండ్రులైనా తమ పిల్లకి హిందీ, ఇంగ్లిష్ కావాలంటే అది వాళ్ల ఇష్టానికే వదలాలి.

3. కాంప్లెక్స్ సమావేశాల్లో ప్రతిసారీ కనీసం ఒక గంట ఈ పద్ధతుల మీద, పిల్లల్ని ముందు పెట్టుకుని చేసి చూపించాలి. భవిత సెంటర్ల రిసోర్స్ టీచర్లే చూపించగలరు. వాళ్లని డేటా ఎంట్రీ పనులకి వాడుకోవడం ఆపాలి. భీమిలి డైట్‌లో చదివే కాబోయే టీచర్లు ప్రతి ఒక్కరూ కనీసం ఒక పిల్లకి ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా నేర్పి రికార్డు పెట్టేలా చూడాలి.

4. కొట్టుకి, రైతు బజారుకి, పోస్టాఫీసుకి, బస్టాండుకి తీసుకెళ్లి నేర్పడాన్ని పాఠంగా గుర్తిస్తూ అనుమతి ఇవ్వాలి. తోడుగా మాలో ఎవరో ఒకరం వస్తాం.

5. పరీక్షల్లో వీళ్లకి అదే ప్రశ్నపత్రం ఇచ్చి సున్నాలు వేయడం మాని, ప్రణాళికలోని లక్ష్యాల మీద మదింపు చేయాలి. ప్రోగ్రెస్ కార్డుకి ఒక పేజీ జత చేస్తే చాలు. పదో తరగతికి వచ్చేసరికి ఏ దారి ఉందో, ఓపెన్ స్కూలా, వృత్తి శిక్షణా, ఎనిమిదో తరగతిలోనే కూర్చోబెట్టి చెప్పాలి.

6. పదేళ్లు దాటిన ఆడపిల్లలకి నెలసరి, ఒంటి రక్షణ గురించి నేర్పే బాధ్యత ప్రతి బడిలో ఒక మహిళా టీచర్‌కి అప్పగించాలి. ఆవిడకి ముందు శిక్షణ ఇవ్వాలి.

7. సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం ప్రత్యేక అవసరాలున్న ఒక్కో పిల్లకి ఏడాదికి 3,500 రూపాయల వరకు కేటాయింపు ఉంది. ఆడపిల్లలకి నెలకి 200 చొప్పున పది నెలలు స్టైపెండ్ ఉంది. మన జిల్లాలో ఈ డబ్బు ఏ బడిలో దేనికి ఖర్చయిందో నోటీసు బోర్డు మీద పెట్టాలి. టీఎల్‌ఎం, అంటే పాఠం చెప్పడానికి వాడే సామగ్రి, కొన్నామని రాస్తే ఆ టీఎల్‌ఎం క్లాసులో కనబడాలి, బీరువాలో కాదు.

8. మంజూరైన స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టుల్లో మన జిల్లాకి ఎన్ని వచ్చాయో, 11 మండలాల్లో ఎవరు ఏ బడికి వస్తారో ప్రకటించాలి. దివ్యాంగ పిల్లల్ని గుర్తించడానికి ఐదేళ్లకోసారి చేయాలని చట్టం చెప్పిన సర్వే మన జిల్లాలో ఎప్పుడు చేశారో, ఎంతమంది తేలారో కూడా.

టీచర్లకి ఒక మాట. మీలో చాలామంది మా పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తారు, ముక్కు తుడుస్తారు, అన్నం తిన్నారో లేదో చూస్తారు. అది మేం చూస్తూనే ఉన్నాం. ఆ ప్రేమతో పాటు రోజుకి పదిహేను నిమిషాలు ఒకే ఒక్క లక్ష్యం మీద పెట్టండి. సర్క్యులర్ రాకముందే మొదలుపెట్టండి. మీకు కావలసిన బొమ్మ కార్డులు, అట్టలు, రికార్డు పుస్తకాలు మేం ఇంట్లో చేసి తెస్తాం.

అధికారులకి: జవాబు రాతపూర్వకంగా, 30 రోజుల్లో ఇవ్వమని కోరుతున్నాం. ఈసారి మెసేజ్ వద్దు. ఒక బాధ్యతగల అధికారి వచ్చి మాతో, మా పిల్లల టీచర్లతో ఒకే గదిలో కూర్చోవాలి. నోట్సులు, ఇంట్లో మేం రాసుకున్న రికార్డులు తీసుకొస్తాం. ఏ శనివారం రమ్మన్నా వస్తాం. మాలో చాలామందివి రోజు కూలీ పనులు కాబట్టి రెండు రోజుల ముందు చెప్పండి.

ఇట్లు,
మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు,
విశాఖపట్నం